మొద్దుబారుతున్న మందులు – మన బాధ్యత

గడచిన నూరేండ్లలో వైద్యశాస్త్రము మానవజాతికి అందించిన వరములలో యాంటిబయాటిక్ మందులది అగ్రస్థానము. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండనులో బూజు నుండి పెన్సిలిన్‌ను గుర్తించక పూర్వము చిన్న ముల్లు గుచ్చుకొన్న గాయము సైతము ఒక్కొక్కసారి ప్రాణము తీసేది. పురిటి జ్వరముతో తల్లులు, న్యుమోనియాతో పసిబిడ్డలు మరణిస్తూ ఉంటే వైద్యుడు నిస్సహాయుడై చూడవలసి వచ్చేది. ఆ దుస్థితిని తొలగించిన చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన అధ్యాయము కూడా ఒకటి ఉన్నది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలములో, అక్కడి శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందును వెలికితీశారు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడి అయినది. అదే సంవత్సరములో సుబ్బారావు కన్నుమూశారు. నేడు టెట్రాసైక్లిన్‌లని మనము పిలిచే మందుల కుటుంబమునకు అదే ఆద్యము.

ఇంతటి వరము ఇప్పుడు మన చేతులలోనే వన్నె తరిగిపోతున్నది. ఒకనాడు రెండు రోజులలో జ్వరమును దించిన మందు నేడు పది రోజులు వేసినా దించడము లేదు. ఇది వైద్యులు చూసుకోవలసిన విషయమనీ, కళాశాల పత్రికలో దీని ప్రస్తావన ఎందుకనీ కొందరు ప్రశ్నించవచ్చును. మేము వైద్యులము కాము. విజ్ఞానశాస్త్ర విద్యార్థులము మాత్రమే. అయినప్పటికీ ఈ సమస్యలో విద్యార్థులకు, విద్యాసంస్థలకు గల పాత్ర చిన్నది కాదని మా విశ్వాసము. మేము చెప్పదలచినది ఒక్కటే. మన దేశములో మందులు మొద్దుబారడానికి ప్రధాన కారణము మనము చూడకుండా మందు వాడడము. ఏ సూక్ష్మజీవి జ్వరము తెచ్చినదో, దానికి ఏ మందు లొంగునో తెలుసుకొనే పరీక్ష పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రులకే పరిమితమై ఉన్నంతకాలము, చిన్న పట్టణములలో వైద్యము చీకటిలో విసిరిన రాయి వలెనే ఉంటుంది.

ఈ విషయమును రక్తములో వ్యాపించే సంక్రమణల ద్వారా పరిశీలించడము మేలు. ఆరోగ్యవంతుని రక్తములో సూక్ష్మజీవులకు నిలకడ లేదు. మూత్రాశయములో గాని, ఊపిరితిత్తులలో గాని, గాయములో గాని మొదలైన వ్యాధి అదుపు తప్పినప్పుడు బాక్టీరియా రక్తములో ప్రవేశించి సర్వాంగములకు ప్రాకుతుంది. రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండములు, ఊపిరితిత్తులు ఒకదాని వెంట ఒకటి చతికిలబడతాయి. ఆ స్థితినే వైద్యులు సెప్సిస్ అంటారు. అక్కడ వ్యవధి దినములలో ఉండదు, గంటలలో ఉంటుంది. వేసిన మొదటి మందు పనిచేయకపోతే రెండవ మందుకు రోగి మిగలకపోవచ్చును. అందువలననే ఒక దేశములో మందుల పటుత్వము ఎంత మిగిలినదో తెలుసుకోవడానికి రక్త సంక్రమణలు గట్టి కొలమానముగా పరిగణింపబడుతున్నవి. ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో సైతము ఈ కొలత చేరినది. రక్తములో దొరికిన స్టాఫిలోకాకస్ ఆరియస్, ఇ. కోలై అనే రెండు బాక్టీరియాలలో మందులకు లొంగనివి ఎన్ని ఉన్నవో ప్రతి దేశము లెక్క చెప్పవలసి ఉన్నది.

సూక్ష్మజీవికి ఈ మొండితనము ఎలా అబ్బుతుంది? అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషములకు ఒకసారి రెట్టింపు అవుతాయి. కోట్ల సంఖ్యలో పుట్టే ఆ సంతతిలో ఏ ఒక్కదానిలోనో జన్యుపరమైన చిన్న మార్పు కలిగి, దానికి మందును తట్టుకొనే శక్తి వస్తుంది. మందు వేసినప్పుడు బలహీనమైనవి నశిస్తాయి. ఆ ఒక్కటి మిగిలి, ఖాళీ అయిన చోటంతా తన సంతతితో నింపుతుంది. అంతేగాక, ఈ శక్తిని కలిగించే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న వలయములపై ఎక్కి ఒక జాతి బాక్టీరియా నుండి మరొక జాతికి ప్రయాణము చేయగలవు. కనుక మందు వాడిన ప్రతిసారీ, అవసరముండి వాడినా లేక వాడినా, మొండి జీవులకు మనము కొంత మేలు చేస్తూనే ఉన్నాము. అవసరముండి వాడినప్పుడు ఒక ప్రాణము దక్కుతుంది కాబట్టి ఆ నష్టము భరింపదగినది. అవసరము లేక వాడినప్పుడు నష్టము ఒక్కటే మిగులుతుంది. తక్కువ మోతాదులో వాడిన పెన్సిలిన్ సూక్ష్మజీవులను మొండిగా మారుస్తుందని ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ఉపన్యాసములో హెచ్చరించి ఉన్నారు.

ఇక మన దేశపు లెక్కలను చూద్దాము. భారత వైద్య పరిశోధనా మండలి 2013లో ఇందుకోసము ఒక పరిశీలనా వ్యవస్థను స్థాపించినది. దేశములోని పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలలు అందులో భాగస్వాములు. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ కూడా వాటిలో ఒకటి. 2023 సంవత్సరపు నివేదిక దాదాపు లక్ష బాక్టీరియా, శిలీంధ్ర నమూనాల పరిశీలనపై ఆధారపడినది. అందులో రక్తముతో పాటు ఇతర నమూనాలు కూడా కలిసి ఉన్నవి. ఇమిపెనెమ్ అనేది తక్కిన మందులు విఫలమైనప్పుడు వైద్యులు ఆశ్రయించే బలమైన మందు. 2017లో నూటికి 81 ఇ. కోలై నమూనాలు దానికి లొంగేవి. 2023 నాటికి ఆ సంఖ్య 63కు దిగినది. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియాలో అదే ఆరు సంవత్సరములలో నూటికి 58 నుండి 36కు పడిపోయినది. ఇంటెన్సివ్ కేర్ విభాగములలో తిష్ఠ వేసే అసినిటోబాక్టర్ సంగతి మరింత దారుణము. 2023లో నూటికి 91 నమూనాలు మెరోపెనెమ్ వంటి మందులకు లొంగలేదు. చర్మముపై నివసించే స్టాఫిలోకాకస్‌లో మెథిసిలిన్‌కు లొంగని రకము 2016లో నూటికి 28 ఉండగా 2021 నాటికి 42 దాటినది.

ఈ అంకెల వెనుక మనుషులు ఉన్నారు. 2019లో భారతదేశములో సుమారు 2 లక్షల 97 వేల మరణములకు మందులకు లొంగని బాక్టీరియాయే ప్రత్యక్ష కారణమని అంతర్జాతీయ పరిశోధకులు అంచనా వేశారు. అదే సంవత్సరము ప్రపంచమంతటా ఆ సంఖ్య 12 లక్షల 70 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2023లో ప్రయోగశాలలో నిర్ధారితమైన సంక్రమణలలో ప్రపంచము మొత్తము మీద ఆరింట ఒకటి మందుకు లొంగనిది. మన దేశము చేరి ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతములో మూడింట ఒకటి. అందరికంటె ముందుగా బలి అవుతున్నది నవజాత శిశువు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 2011 మొదలు 2014 వరకు జరిగిన అధ్యయనములో, ప్రత్యేక వైద్యమునకు చేర్చబడిన 13,530 మంది శిశువులను పరిశీలించారు. వారిలో సంభవించిన మరణములలో దాదాపు నాల్గవ వంతుకు సెప్సిస్ కారణమని తేలినది. వారి రక్తములో దొరికిన అసినిటోబాక్టర్‌లో నూటికి ఎనుబదికి పైగా అనేక మందులకు ఒకేసారి లొంగనివి. కన్ను తెరచి వారమైనా కాని బిడ్డ ఏ మందును దుర్వినియోగము చేసినది? మనము చేసిన ఖర్చుకు ఆ బిడ్డ మూల్యము చెల్లిస్తున్నది.

ఈ లెక్కలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరము. పరిశీలనా వ్యవస్థలోని ఆసుపత్రులు చాలవరకు పెద్దవి. అక్కడికి చేరే రోగి అప్పటికే రెండు మూడు చోట్ల తిరిగి, నాలుగైదు మందులు మింగి, వ్యాధి ముదిరిన తరువాత వస్తాడు. అందుచేత అక్కడి అంకెలు దేశమంతటి సగటు కంటె ఎక్కువ భయంకరముగా కనిపించే అవకాశము ఉన్నది. ఇది విని ఊరట చెందవలసిన పని లేదు. ఎందుకనగా, మన జిల్లాలలో, తాలూకా పట్టణములలో అసలు స్థితి ఏమిటో లెక్కించేవారే అరుదు. నూటికి ఎంతమందికి ఏ మందు పనిచేస్తున్నదో తెలియని చోట వైద్యుడు భయముతో అన్నిటికంటె బలమైన మందును ఎన్నుకొంటాడు. ఆ భయమే మరుసటి సంవత్సరపు అంకెను ఇంకొంచెము దిగజారుస్తుంది. లెక్క లేకపోవడము ఇక్కడ తటస్థమైన విషయము కాదు. అదే వ్యాధికి ఎరువు.

టైఫాయిడ్ కథ దీనికి చక్కని నిదర్శనము. టైఫాయిడ్ కూడా రక్తములో వ్యాపించే వ్యాధియే. 1948లో క్లోరాంఫెనికాల్ అనే మందు దానికి దివ్యౌషధముగా వచ్చినది. 1972లో కేరళలోని కోళిక్కోడులో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలినది. తరువాత యాంపిసిలిన్, కో-ట్రైమాక్సజోల్ వచ్చాయి. 1990 ప్రాంతమునకు ఈ మూడింటికీ ఒకేసారి లొంగని రకము దేశములో వ్యాపించినది. సిప్రోఫ్లాక్సాసిన్ ఆదుకొన్నది, దానినీ విచ్చలవిడిగా వాడినందున నేడు మన దేశపు టైఫాయిడ్ నమూనాలలో అత్యధిక భాగము దానికి పూర్తిగా లొంగడము లేదు. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్ సూదిమందు, అజిత్రోమైసిన్ మాత్ర మిగిలి ఉన్నవి.

అవి కూడా పోతే ఏమవుతుందో సింధు రాష్ట్రము చూపినది. 2016 చివరలో పాకిస్థానులోని సింధు రాష్ట్రములో, మన నగరపు పేరే కలిగిన హైదరాబాదులో, సెఫ్ట్రియాక్సోన్‌కు సైతము లొంగని టైఫాయిడ్ బయలుదేరి వేలాదిమందిని పీడించినది. అక్కడ నోటి ద్వారా ఇవ్వగలిగిన మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలినది. ఆ విపత్తును ఎదుర్కొనడానికి తోడ్పడిన టీకా ఎక్కడిది? మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకా అది. 2018లో ఆ నగరములోని పిల్లలకు దానిని ఇచ్చారు. 2019లో పాకిస్థాను తన జాతీయ టీకా కార్యక్రమములో దానిని చేర్చి, ఆ పని చేసిన మొదటి దేశమైనది. ఒక హైదరాబాదు జబ్బుకు మరొక హైదరాబాదు కవచము పంపినది. సూక్ష్మజీవికి సరిహద్దులు లేవు. విజ్ఞానమునకు కూడా అవి ఉండనక్కరలేదని ఈ ఉదంతము చాటుతున్నది. వ్యాధి రాకుండా ఆపిన ప్రతి టీకా, ప్రతి శుభ్రమైన నీటి కుండ, ఒక యాంటిబయాటిక్‌ను భావితరమునకు మిగుల్చుతుందనే పాఠము కూడా ఇందులో ఉన్నది.

ఈ కథలో ఆశ గొలిపే మలుపు ఇంకొకటి ఉన్నది. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కో-ట్రైమాక్సజోల్ వాడుక తగ్గిన తరువాత, మన దేశములో టైఫాయిడ్ బాక్టీరియా వాటికి తిరిగి లొంగసాగినది. మొద్దుబారిన కత్తికి విశ్రాంతి ఇస్తే కొంత పదును తిరిగి వచ్చినట్లైనది. అన్ని బాక్టీరియాల విషయములో ఇలా జరుగుతుందని చెప్పలేము. అయితే మనము మారితే అంకెలు మారగలవనడానికి ఈ ఒక్క సాక్ష్యము చాలును.

మరి మన పట్టణములలో జరుగుతున్నది ఏమిటి? జ్వరము వచ్చిన మూడవ నాడు వైడల్ పరీక్ష చేయిస్తారు. 1896లో పుట్టిన ఆ పరీక్ష రక్తములోని బాక్టీరియాను చూపదు. శరీరము తయారుచేసుకొన్న ప్రతిరక్షకములను మాత్రమే చూపుతుంది. పూర్వము ఎప్పుడో టైఫాయిడ్ వచ్చినవారికి, కొన్ని ఇతర జ్వరములు ఉన్నవారికి కూడా అది ఉన్నదనే చెప్పవచ్చును. ఆ ఒక్క కాగితము ఆధారముగా ‘టైఫాయిడ్’ అని తీర్పు వెలువడుతుంది. సెలైన్ సీసా, దానితో సెఫ్ట్రియాక్సోన్ సూది మొదలవుతాయి. అసలు నిజము తెలిపేది రక్తపు కల్చర్ పరీక్ష. మందు మొదలుపెట్టక ముందే రోగి రక్తమును పోషకద్రవము గల సీసాలోకి తీసి, శరీరపు వేడిలో ఉంచి, బాక్టీరియా పెరిగినదేమో చూస్తారు. సాధారణముగా ఒకటి రెండు రోజులలో పెరుగుదల కనిపిస్తుంది. తరువాత ఒకటి రెండు రోజులలో దాని పేరు, అది ఏ మందుకు లొంగునో ఆ వివరము తెలుస్తుంది. అంతవరకు రోగిని మందు లేకుండా ఉంచాలని ఎవరూ చెప్పరు. సెప్సిస్ అనుమానము ఉన్నచోట రక్తము తీసిన వెంటనే మందు ఇవ్వవలసినదే. ఫలితము వచ్చిన తరువాత ఆ మందును మార్చడమా, తగ్గించడమా, ఆపడమా అనేది నిర్ణయించవచ్చును. రక్తము ముందు, మందు తరువాత అనే ఈ చిన్న క్రమమే మన వైద్యములో తలక్రిందులైనది.

ఇందులో ఎవరి వంతు దోషము వారిదే. ఉర్దూలో ‘నీమ్ హకీమ్ ఖత్‌రా-ఎ-జాన్’ అని సామెత. అరకొర వైద్యుడు ప్రాణగండమని అర్థము. అయితే తప్పునంతా అరకొర వైద్యునిపై నెట్టడము న్యాయము కాదు. పట్టాలు గల వైద్యులలో సైతము జలుబుకు యాంటిబయాటిక్ వ్రాసేవారు ఉన్నారు. జలుబు వైరస్ వలన వస్తుందనీ, ఈ మందులు వైరస్‌ను తాకవనీ వారికి తెలియక కాదు. మందు వ్రాయని వైద్యుని వద్దకు రోగి మళ్ళీ రాడనే భయము వలన. రోగి కూడా తక్కువ తినలేదు. గుణము కనిపించగానే మాత్రలు ఆపి, మిగిలినవి అల్మారాలో దాచి, పక్కింటివారికి జ్వరము వస్తే పంచిపెడతాడు. మందుచీటీ అడగకుండా అమ్మే దుకాణదారుడు, చేతులు కడుగుకోకుండా ఒక మంచము నుండి మరొక మంచమునకు సాగే ఆసుపత్రి సిబ్బంది, కోళ్ళకు రోగము రాకుండానే మేతలో మందు కలిపే పెంపకందారుడు, అందరూ ఒకే చెరువు నీటిని తోడుకొంటున్నవారే. ఉమ్మడి చెరువుకు గండి కొట్టినవాడు తన పొలము ఒక్కటే తడుపుకొన్నాననుకొంటాడు. ఎండాకాలములో ఊరంతా దాహముతో అల్లాడుతుంది.

చెరువు మాట వచ్చినది గనుక మన ఇంటి ముంగిట జరిగిన ఒక విషయము చెప్పక తప్పదు. హైదరాబాదు సమీపములోని పటాన్‌చెరు ప్రాంతము మందుల పరిశ్రమకు పేరుపొందినది. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధి చేసే కేంద్రము నుండి వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించారు. శుద్ధి అయిన తరువాత కూడా ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. మందు మింగిన రోగి రక్తములో ఉండే పరిమాణము కంటె అది ఎక్కువ. అటువంటి నీరు వాగులలో కలిస్తే, ఆ వాగులు మొండి బాక్టీరియాకు పాఠశాలలవుతాయి. కర్మాగారముల వ్యర్థజలములో యాంటిబయాటిక్ అవశేషములకు హద్దులు విధించే ముసాయిదా నియమములను కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించినది. 2021లో తుది నియమములు వచ్చేసరికి ఆ హద్దులు వాటిలో లేవు. ప్రపంచమునకు మందులు పంపుతున్న మన ప్రాంతము, మందుల పటుత్వమును కాపాడడములో కూడా మార్గదర్శకముగా ఉండవలెనని కోరడము పరిశ్రమకు శత్రుత్వము కాదు. మా మిత్రులలో ఎందరికో రేపు ఆ పరిశ్రమయే జీవనాధారము.

ప్రభుత్వములు ఏమీ చేయలేదని మేము అనము. 2014 మార్చి 1 నుండి 46 మందులు హెచ్-1 అనే ప్రత్యేక జాబితా క్రిందికి వచ్చినవి. మందుచీటీ చూసి, రోగి పేరు, వైద్యుని పేరు పుస్తకములో వ్రాసుకొని అమ్మవలెనని, ఆ పుస్తకమును మూడేండ్లు భద్రపరచవలెనని నియమము. 2016లో మందుల అట్టలపై ఎర్ర గీత గుర్తుతో ప్రచారము మొదలైనది. 2017లో తొలి జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2025 నవంబరులో 2025–29 కాలమునకు రెండవ ప్రణాళిక విడుదలైనవి. ప్రాణాంతక స్థితిలో మానవులకు ఆఖరి ఆశగా మిగిలిన కోలిస్టిన్‌ను కోళ్ళకు, పశువులకు వాడరాదని 2019లో నిషేధము వచ్చినది. కేరళ 2018లోనే తన సొంత ప్రణాళికను రూపొందించుకొని, చీటీ లేని అమ్మకములపై 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరిట తనిఖీలు ప్రారంభించినది. నియమములకు కొరత లేదు. అవి మందుల దుకాణపు గడప దాటి లోపలికి వెళ్ళవలసి ఉన్నది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వినిపిస్తుంది. ‘పల్లెలో వైద్యుడు లేడు. పరీక్షలకు డబ్బు లేదు. కూలి మానుకొని రెండు రోజులు పట్టణములో పడిగాపులు కాయలేని పేదవానికి దుకాణములో దొరికే మాత్రయే దిక్కు. దానిని కూడా ఆపితే అతని గతి ఏమి?’ ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. మందు అందక మరణించేవారు కూడా మన దేశములో ఉన్నారు. కాబట్టి దుకాణములకు తాళము వేయడము ఒక్కటే పరిష్కారమని చెప్పేవారితో మేము ఏకీభవించము. అయితే, పేదవాని చేతికి పనిచేయని మందు ఇవ్వడము అతనికి చేసే మేలు కాదు. చవక మాత్రలు మొద్దుబారినప్పుడు ధనవంతుడు ఖరీదైన సూదిమందు కొనుక్కొంటాడు. పేదవాడు పొలము అమ్ముకొంటాడు, లేదా మనిషినే పోగొట్టుకొంటాడు. చవక మందు పదును నిలిచి ఉండడము అందరికంటె పేదవానికే ఎక్కువ అవసరము. అందుచేత అమ్మకముపై అదుపుతో పాటు, ప్రతి జిల్లా ఆసుపత్రిలో రోగికి ఖర్చు లేకుండా రక్తపు కల్చర్ పరీక్ష జరిగే ఏర్పాటు ఉండవలెను. తాలూకా ఆసుపత్రులలో రక్తము తీసి జిల్లాకు పంపే వీలు ఉండవలెను. ఏ జిల్లాలో ఏ బాక్టీరియా ఏ మందుకు లొంగుతున్నదో ప్రతి సంవత్సరము ఒక పట్టిక వెలువడవలెను. ఆ పట్టిక చేతిలో ఉన్న వైద్యుడు మొదటి గంటలోనే సరియైన మందును ఎన్నుకొనగలడు. రోగి జేబూ, దేశపు మందూ రెండూ దక్కుతాయి.

ఇక మా కళాశాల కమిటీ పెద్దలకు కొన్ని మనవులు. మొదటిది నీరు. విద్యార్థులు త్రాగే నీటి తొట్టెలను నియమిత దినములలో కడిగించి, ఆ తేదీని తొట్టెపైనే వ్రాయించవలెను. మరుగుదొడ్ల వద్ద సబ్బు, నీరు ఎల్లప్పుడూ ఉండవలెను. ఇవి చిన్న విషయములుగా తోచవచ్చును; కాని టైఫాయిడ్‌ను ఆపడములో వీటికి మించిన మందు లేదు. రెండవది ప్రయోగశాల. హానికరము కాని బాక్టీరియాను పెంచిన గాజుపళ్ళెములో మందు బిళ్ళలు ఉంచి, ఏ బిళ్ళ చుట్టూ ఎంత మేర పెరుగుదల ఆగినదో కొలిచే ప్రయోగమును, అధ్యాపకుల పర్యవేక్షణలో, విజ్ఞానశాస్త్రము చదవని విద్యార్థులకు కూడా ఒకసారి చూపవలెను. లొంగిన బాక్టీరియా, లొంగని బాక్టీరియా ప్రక్కప్రక్కన కంటికి కనిపిస్తే, పది ఉపన్యాసములు చేయలేని పని ఆ ఒక్క పళ్ళెము చేస్తుంది. మూడవది వినతి. జిల్లా ఆసుపత్రిలో రక్తపు కల్చర్ సౌకర్యము నిరంతరము పనిచేయవలెనని కోరుతూ కమిటీ తరఫున అధికారులకు ఒక విన్నపము వెళ్ళవలెను. ఒక విద్యాసంస్థ గౌరవముగా అడిగితే ఆ మాటకు విలువ ఉంటుంది.

సోదర విద్యార్థులారా! మనకు ఒక అదృష్టము ఉన్నది. మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు క్రింద వినిపిస్తాయి. ప్రపంచమంతటా ఏటా నవంబరు 18 నుండి 24 వరకు ఈ సమస్యపై అవగాహన వారోత్సవము జరుగుతున్నది. ఆ వారములో ఉర్దూలోను, తెలుగులోను సులభమైన మాటలతో కరపత్రములు వ్రాసి మన వీధులలో పంచుదాము. మందుల కంపెనీల ఇంగ్లీషు అట్టపై గల ఎర్ర గీతకు అర్థమేమిటో మన ఇండ్లలోని పెద్దలకు, అమ్మలకు వారి భాషలో చెప్పగలవారము మనమే. మన ఇండ్లలో మూడు నియమములు పాటిద్దాము. వైద్యుడు వ్రాయని యాంటిబయాటిక్ కొనము. వ్రాసిన దానిని ఆయన చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడకుండా మానము. మిగిలిన మాత్రలను ఎవరికీ పంచము. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు, ‘అయ్యా, ఇది బాక్టీరియా జ్వరమేనా? మందుకు ముందు రక్తము తీసి పరీక్షించే అవసరము ఉన్నదా?’ అని వినయముగా అడుగుదాము. మంచి వైద్యుడు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. అయితే జ్వరముతో పాటు తీవ్రమైన ఆయాసము, మగత, చేతులు కాళ్ళు చల్లబడడము వంటివి కనిపిస్తే ప్రశ్నలతో కాలహరణము చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కొత్త మందులు రావా అని కొందరి ఆశ. వస్తాయి, కాని ఒక మందు కనుగొనడానికి సంవత్సరములు పడుతుంది, దానిని మొద్దుబార్చడానికి మనకు అంతకాలము పట్టడము లేదు. 1959లో మెథిసిలిన్ వచ్చినది. దానికి లొంగని స్టాఫిలోకాకస్ 1961 నాటికే ఇంగ్లండులో కనిపించినది. ఉన్న మందులను కాపాడుకోవడము తెలియని సమాజము చేతికి ఎన్ని కొత్త మందులు వచ్చినా వాటి గతి అంతే. మన ముందు తరమువారు మనకు పనిచేసే మందులను అప్పగించి వెళ్ళారు. భీమవరము నుండి బయలుదేరిన ఒక తెలుగువాని పరిశ్రమ కూడా ఆ మూటలో ఉన్నది. దానిని ఖాళీ చేసి మన తరువాత వచ్చేవారి చేతిలో పెట్టడమా, పదును చెడకుండా అందించడమా అన్నది నేటి విద్యార్థి నిర్ణయముపై ఆధారపడి ఉన్నది. వచ్చే సంవత్సరపు సంచిక వెలువడే నాటికి మన జిల్లా ఆసుపత్రిలో మందుకు ముందు రక్తము తీసే అలవాటు మొదలైనదని ఈ పుటలలోనే వ్రాసే భాగ్యము కలుగవలెనని కోరుకొంటున్నాము.